అమానతు
క్లౌడ్ కంప్యూటింగు, సైబర్ రక్షణ: ఒక విద్యార్థి పద్నాలుగు వారాల అభ్యాసము

మా తరగతి మిత్రుడొకడు కమలాపురం నుండి వచ్చి చదువుకొనుచున్నాడు. అతని వద్ద నూరు పుటల నోటుపుస్తకం ఒకటి ఉన్నది. ప్రతి ఆదివారం సాయంకాలం అందులో మూడు సంగతులు వ్రాసుకొంటాడు. ఈ వారం ఏమి చదివినాను? చదివినదానిలో చేతితో చేసి చూచినది ఏది? ఇంకను బోధపడనిది ఏది? పద్నాలుగు ఆదివారాలు గడచిన పిమ్మట ఆ పుస్తకం మా చేతికిచ్చి, "పనికివచ్చేది ఏమైనా ఉంటే మీరే వ్రాయండి. నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. సహాధ్యాయులమైన మేము ముగ్గురం ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివి, తెలియని చోట అతనినే అడిగి ఈ వ్యాసం కూర్చినాము. మంచి చెడ్డలు రెండింటినీ దాచక వ్రాయుటకు అతడు అనుమతించినాడు.

ముందుగా ఈ చదువు ఏమిటో చెప్పవలెను. సొంతంగా కంప్యూటర్లు కొని పెట్టుకొనక, ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు కేంద్రాల శక్తిని అవసరమున్నంత మేరకు అద్దెకు వాడుకొనుటకు క్లౌడ్ కంప్యూటింగు అని పేరు. కంప్యూటర్లను, వాటిలోని వివరాలను దొంగల నుండి, పొరపాట్ల నుండి, ప్రమాదాల నుండి కాపాడే విద్య సైబర్ సెక్యూరిటీ. ఈ రెంటిలోనూ విశ్వవిద్యాలయ పట్టాకు వేరుగా కొన్ని సంస్థలు పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చుచున్నవి. మా మిత్రుడు ఎన్నుకొన్నవి రెండు. మొదటిది అమెజాన్ సంస్థవారి క్లౌడ్ ప్రాక్టీషనరు పరీక్ష. అందులో 90 నిమిషాలలో 65 ప్రశ్నలకు జవాబులు గుర్తించవలెను. 1000కి 700 వచ్చిన ఉత్తీర్ణులు. 65లో 15 ప్రశ్నలకు మార్కులే ఉండవు, కాని అవి ఏవో చెప్పరు. రెండవది కాంప్‌టియా సంస్థవారి సెక్యూరిటీ ప్లస్. 2023 నవంబరులో వచ్చిన రూపాన్ని అనుసరించి దీనిలో 90 నిమిషాలకు 90 ప్రశ్నలకు మించకుండ ఇస్తారు. 100 నుండి 900 వరకు గల కొలతలో 750 రావలెను.

ఈ రెండు పరీక్షలు వేరువేరు దారులు కావు. క్లౌడ్ పరీక్షలో 30 శాతం భద్రతకు సంబంధించినదే. అద్దె ఇంట్లో దిగేవాడు తలుపు గొళ్లెం చూడక తప్పదు గదా!

ఈ రంగంలో ఉన్నతి పొందిన తెలుగువారి కథలు పత్రికలలో అందరూ చదివినవే. అనంతపురం జిల్లా మూలాలు గల సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతి కాకముందు ఆ సంస్థ క్లౌడ్ వ్యవహారాలనే నడిపినారు. మేము చెప్పబోవునది అంతటి పెద్ద కథ కాదు. రెండు గదుల ఇంట్లో కూర్చున్న ఒక విద్యార్థి వారానికి ఎంత ముందుకు పోయినాడు, ఎక్కడ ఆగిపోయినాడు అన్నదే మా ప్రస్తావన.

చదువుకు కారణము

మిత్రుని తండ్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఒకనాటి మధ్యాహ్నం ఆయనకు ఒక ఫోను వచ్చినది. బ్యాంకు నుండి మాట్లాడుచున్నామనీ, కేవైసీ గడువు తీరినందున ఖాతా ఆగిపోతుందనీ అవతలివారు మర్యాదగా తెలుగులోనే చెప్పినారు. ఫోనుకు వచ్చిన ఆరంకెల ఓటీపీని ఆయన చదివి వినిపించినారు. ఇంటి పైకప్పు బాగుచేయించుటకు కూడబెట్టిన 18,400 రూపాయలు పోయినవి. సిగ్గుచేత మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగవ నాడు కొడుకు అడిగితే, "చదువు రానివాడిని గదా, మోసపోయినాను" అన్నారట.

ఆ మాట మా మిత్రుని కదిలించినది. ఎందుకనగా, కంప్యూటరు శాస్త్రం చదువుచున్న తనకు కూడ అప్పుడు ఏమి చేయవలెనో తెలియదు. ఇటువంటి మోసం జరిగిన వెంటనే 1930 అను నంబరుకు ఫోను చేయవలెననీ, కేంద్ర హోం శాఖ ఏర్పాటు చేసిన ఆ వ్యవస్థ ద్వారా సొమ్ము చేతులు మారకముందే ఆపుటకు ప్రయత్నిస్తారనీ అతడు తెలుసుకొన్నది వారం తర్వాతనే. అప్పటికి సొమ్ము ఏ ఖాతాలోనూ మిగలలేదు. నోటుపుస్తకం మొదటి పుటలో ఒకే వాక్యం ఉన్నది: "మా అబ్బా చదువు రానందున మోసపోలేదు. చదివినవాడు చెప్పనందున మోసపోయినాడు."

మొదటి వారము, రెండవ వారము

భద్రతా శాస్త్రంలో తొలి పాఠం మూడు మాటలు: గోప్యత, సమగ్రత, లభ్యత. మిత్రుడు వీటి ప్రక్కన ఉర్దూలో రాజ్‌దారీ, సాలిమియత్, దస్తయాబీ అని వ్రాసుకొన్నాడు. ఇతరులు చూడరానిది చూడకుండుట గోప్యత. వివరాలను ఎవరూ దొంగతనంగా మార్చకుండుట సమగ్రత. అవసరమైన వేళకు వస్తువు అందుట లభ్యత. తండ్రి ఓటీపీ పరుల చెవిన పడుట గోప్యతకు భంగం. మార్కుల జాబితాలో 34ను 84గా దిద్దినచో సమగ్రతకు భంగం.

లభ్యతకు ఉదాహరణ వెదకుటకు అతడు దూరం పోనక్కరలేకపోయినది. 2021 నవంబరులో కురిసిన వానలకు పాపాఘ్ని పొంగి, కమలాపురం వద్ద వంతెన కూలిపోయినది. నదికి ఈ దరి ఉన్నది, ఆ దరి ఉన్నది, ఎవరూ దొంగిలించినది లేదు. కాని దాటవలసిన వారికి దారి లేదు. బస్సులు చుట్టు తిరిగి పోవలసి వచ్చినది. భద్రత అనగా దొంగలను పట్టుట మాత్రమే కాదనీ, వంతెన కూలిననాడు రెండవ దారి సిద్ధంగా ఉంచుట కూడ భద్రతేననీ మిత్రుడు ఈ వారంలోనే గ్రహించినాడు.

మూడవ వారము

క్లౌడ్ అనగా మేఘం. పేరు విన్నవారికి ఆ వివరాలన్నీ ఆకాశంలో తేలుచున్నట్లు తోచును. నిజానికి అవి నేలమీదనే, గోడల నడుమ, చల్లటి గదులలో వరుసలుగా నిలిపిన యంత్రాలలో ఉన్నవి. అమెజాన్ సంస్థ మన దేశంలో తొలి క్లౌడ్ కేంద్ర సముదాయాన్ని 2016లో ముంబయి ప్రాంతంలో, రెండవదానిని 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలో తెరచినది. ఇట్టి సముదాయంలో ఒకదానికొకటి దూరంగా, వేరు విద్యుత్తుతో నడచే కేంద్రాలు కొన్ని ఉంటవి. ఒకటి ఆగితే మరొకటి పని అందుకొనును. మిత్రుడు దీని ప్రక్కన "రెండవ వంతెన" అని వ్రాసుకొన్నాడు.

లెక్క కూడ వేసినాడు. ఏడాదిలో 99.9 శాతం కాలం పనిచేసే యంత్రం 8 గంటల 45 నిమిషాలకు పైగా ఆగిపోవచ్చును. 99.99 శాతమైతే ఆ విరామం 53 నిమిషాలలోపే. కంటికి కనబడని ఒక్క తొమ్మిది అంకెకు అంత విలువ!

అమెరికా ప్రమాణాల సంస్థ 2011లో క్లౌడ్‌కు ఐదు లక్షణాలతో నిర్వచనం ఇచ్చినది. కావలసినపుడు తానే తీసుకొనుట, నెట్ ద్వారా ఎక్కడి నుండైనా అందుట, ఒకే యంత్ర సంపద పలువురికి పంచుట, అవసరాన్ని బట్టి త్వరగా పెంచి తగ్గించుట, వాడినదానిని కొలుచుట. ఈ ఐదింటిని మిత్రుడు తన మేనమామకు ట్రాక్టరు ఉపమానంతో వివరించినాడు. నాలుగెకరాల రైతు ట్రాక్టరు కొనడు. సేద్యం నాడు గంటకు ఇంత అని బాడుగకు పిలుస్తాడు. పని పెరిగితే రెండు పిలుస్తాడు, ముగిస్తే పంపివేస్తాడు. మేనమామకు వెంటనే అర్థమైనది. అడిగిన ఎదురు ప్రశ్న మాత్రం నోటుపుస్తకంలో "తెలియనిది" అను శీర్షిక క్రింద చేరినది: "ట్రాక్టరు పోయినాక నా చేనిలో ఏమీ మిగలదు. మరి వాళ్ల యంత్రంలో నా కాగితాలు మిగిలితే?"

నాల్గవ వారము

ఈ వారపు పుటలో ఒక్క పంక్తి: "ఏమీ చదవలేదు." సెమిస్టరు పరీక్షలు ఒక ప్రక్క, తండ్రికి జ్వరం ఒక ప్రక్క. మేము ఈ పుటను తొలగింపుమా అని అడిగితే వలదన్నాడు. ఖాళీ వారాన్ని ఖాళీ అని వ్రాసుకొననివాడు నిండిన వారాన్ని కూడ నమ్మకంగా వ్రాయలేడని అతని అభిప్రాయం.

ఐదవ వారము

మేనమామ ప్రశ్నకు జవాబు ఈ వారం దొరికినది. దానిని పాఠ్యగ్రంథాలు ఉమ్మడి బాధ్యత అంటవి. మా ప్రాంతంలో శనగలు పండించినవారికి గిడ్డంగి సంగతి తెలియనిది కాదు. ధర రానపుడు బస్తాలను గిడ్డంగిలో వేసి రసీదు తెచ్చుకొంటారు. కప్పు కురవకుండ, చెద పట్టకుండ, నిప్పంటుకొనకుండ చూచుట గిడ్డంగి యజమాని పని. రసీదును భద్రంగా ఉంచుకొనుట రైతు పని. రైతు రసీదును దారిన పోయేవానికి ఇచ్చి, బస్తాలు పోయినవని యజమానిని నిలదీసిన ఏమి ప్రయోజనం? క్లౌడ్‌లోనూ అంతే. కట్టడం, విద్యుత్తు, యంత్రాల రక్షణ సంస్థది. ఎవరికి ప్రవేశం ఇవ్వవలెను, ఏ తలుపు తెరవవలెను, పాస్‌వర్డు ఎట్లుండవలెను అన్నది వాడుకొనేవారిది.

2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ అను బ్యాంకు ఖాతాదారులు, దరఖాస్తుదారుల వివరాలు పదికోట్ల మందికి పైగా బయటపడినవి. వివరాలు ఉన్నది క్లౌడ్‌లోనే. గిడ్డంగి గోడ ఎవరూ పగులగొట్టలేదు. కావలి గోడ అమరికలో బ్యాంకువారి వైపున జరిగిన పొరపాటు గుండా దొంగ చేయి దూరినది. రసీదు జారిన చోటనే సొమ్ము జారినది.

ఇక్కడ మిత్రుడు ఒక మాట వ్రాసుకొన్నాడు. అదే మా వ్యాసానికి పేరు: అమానతు. ఉర్దూలో అమానత్ అనగా నమ్మి ఒకరి వద్ద దాచిన సొమ్ము. తెలుగులో దీనిని న్యాసమనీ, పూర్వులు ఇల్లడ అనీ అన్నారు. దాచుకొన్నవాడికి అది తనది కాదను ఎరుక ఉండవలెను. ఒక ఆసుపత్రి కంప్యూటరులో ఉన్న రోగి వివరం ఆసుపత్రిది కాదు, రోగిది. మన కళాశాల కార్యాలయంలోని మన ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా సంఖ్యలు కూడ అమానతే. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం సారాంశం కూడ ఇదే. పరుల వివరాలను ఏ పనికి తీసుకొన్నారో ఆ పనికే వాడవలెను, వాడినంత కాలం కాపాడవలెను.

ఆరవ వారము

చదువుట వేరు, చేయుట వేరు. ఈ వారం మిత్రుడు క్లౌడ్‌లో చిన్న యంత్రమొకటి అద్దెకు తీసుకొని, దూరం నుండి దానిని నడుపుటకు 22వ నంబరు ద్వారాన్ని లోకమంతటికీ తెరచి ఉంచినాడు. ఒక కంప్యూటరుకు ఇట్టి ద్వారాలు 65,536 ఉంటవి. తెల్లవారి చిట్టా చూచుకొనగా ముక్కూ మొగం తెలియని చిరునామాల నుండి వందలసార్లు తలుపు తట్టిన గుర్తులు కనబడినవి. అతడెవరో వారికి తెలియదు, కమలాపురం ఎక్కడో వారికి అక్కరలేదు. తెరచిన తలుపుల కోసం యంత్రాలే రాత్రింబవళ్లు వీధులు తిరుగుచుండును. "నా దగ్గర ఏముంది, నన్నెవరు దొంగిలిస్తారు?" అనుకొనుట ఎంత అమాయకత్వమో ఆ చిట్టా చెప్పినది. ఆ ద్వారాన్ని తన ఒక్క చిరునామాకే పరిమితం చేసిన పిమ్మట చప్పుడు ఆగినది.

పాస్‌వర్డు పొడవు విషయంలోనూ లెక్క చేసినాడు. చిన్న ఇంగ్లీషు అక్షరాలు 26. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డుకు మరి నాలుగు చేర్చినచో వెదకవలసిన వాడికి శ్రమ నాలుగు రెట్లు కాదు, 4,56,976 రెట్లు పెరుగును. పొడవే బలం. అయితే ఎంత పొడవైన పాస్‌వర్డైనను ఫోనులో చదివి వినిపించిన క్షణం దాని బలం సున్న.

ఈ వారం మరొక గుణపాఠం కూడ ఉన్నది. పని ముగిసినా యంత్రాన్ని ఆపుట మరచినాడు. బాడుగ ట్రాక్టరును చేనిలోనే వదలినట్లయినది. బిల్లు స్వల్పమే అయినను ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఈ చదువు ప్రారంభించే తమ్ముళ్లు, చెల్లెళ్లు మొట్టమొదట ఖర్చు హెచ్చరికను అమర్చుకొని, ఆ తర్వాతనే యంత్రాన్ని తాకవలెనని అతని సలహా.

ఏడవ వారము

మన నేలమీద జరిగిన రెండు సంఘటనలను ఈ వారం చదివినాడు. 2017 మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచాన్ని చుట్టుముట్టినది. రమారమి 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలబడినవి. ఫైళ్లకు బీగం వేసి, విడిపించుటకు సొమ్ము అడుగుట దాని పద్ధతి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని బారిన పడినవి. గమనింపదగిన విషయమేమనగా, ఆ లోపాన్ని సరిచేసే మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, ఆ ఏడు మార్చిలోనే విడుదల చేసినది. మందు ఇంట్లో ఉండగా మింగనివారికి జ్వరం వచ్చినది.

రెండవది 2022 జనవరిలో హైదరాబాదులో జరిగినది. ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడినవారు 12 కోట్ల రూపాయలకు పైగా దేశంలోని అనేక ఖాతాలకు మళ్లించినారు. సిబ్బందికి వచ్చిన మోసపు ఈ-మెయిళ్లను తెరచుటతో ద్వారం తెరచుకొన్నదని పోలీసు దర్యాప్తులో తేలినది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. ఇక్కడ మా మిత్రుడు తన తండ్రిని తలచుకొన్నాడు. బ్యాంకు ఉద్యోగి మెయిలు తెరచుటకు, బండల కార్మికుడు ఓటీపీ చెప్పుటకు మూలం ఒక్కటే: అవతలివాని మాటను పరీక్షింపక నమ్ముట. డిగ్రీ ఉన్నంతనే ఈ జబ్బు రాకపోదు.

చట్టం లేకపోలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేర్చిన 66సి, 66డి సెక్షన్లు పరుల పాస్‌వర్డు వంటి గుర్తింపును దొంగిలించుటను, వేరొకరినని నటించి కంప్యూటరు ద్వారా మోసగించుటను మూడేండ్ల వరకు జైలు విధింపదగిన నేరాలుగా చేసినవి. అయితే చట్టం దొంగ దొరికిన తర్వాత పనిచేయును, జాగ్రత్త దొంగ రాకముందు పనిచేయును.

ఎనిమిది, తొమ్మిది వారాలు

ఇక చెప్పుటకు మిత్రుడు సంకోచించిన ఘట్టం. అభ్యాస ప్రశ్నపత్రాలలో అతనికి ఐదవ వారం 65కు 34, ఏడవ వారం 41 వచ్చినవి. పరీక్ష రుసుము వంద డాలర్లు. పన్నుతో కలిపి మన సొమ్ములో పదివేల రూపాయలకు అటూ ఇటూ. తండ్రి సొమ్ము పోయిన ఇంట్లో ఆ రుసుమును రెండవసారి కట్టగలిగే స్థితి లేదు. ఇట్టి వేళ ఒక పరిచయస్థుడు ఫోనులో ఒక ఫైలు పంపినాడు. అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలనీ, జవాబులతో సహా బట్టీపట్టిన చాలుననీ చెప్పినాడు. ఎందరో ఇట్లే ఉత్తీర్ణులైనారట. మిత్రుడు రెండు వారాలు ఆ ఫైలునే చదివినాడు. ఆ మాదిరి పత్రంలో 65కు 61 వచ్చినవి. నోటుపుస్తకంలో ఆ అంకె క్రింద గీత గీసినాడు, కాని "చేసి చూచినది" అను చోట ఏమీ వ్రాయలేకపోయినాడు.

ఆ ఆదివారం ఇంట్లో వాళ్ల నానీ ఒక ప్రశ్న అడిగినది. నెల మొదట ఇంటికి వచ్చి పింఛను ఇచ్చే సచివాలయ ఉద్యోగి ముందు ఆమె వేలిముద్ర వేస్తుంది. "బేటా, బీగంచెవి పోతే కొత్త బీగం వేసుకొంటాము. ఈ వేలిముద్ర ఎవడన్నా ఎత్తుకొనిపోతే కొత్త వేలు ఎక్కడ తెచ్చేది?"

ఫైలులో దీనికి దగ్గరి ప్రశ్న ఉన్నది, జవాబు కూడ అతనికి కంఠస్థం. మనిషిని గుర్తించుటకు మూడు మార్గాలు: అతనికి తెలిసినది, అతని వద్ద ఉన్నది, అతని దేహమే. వేలిముద్ర మూడవ తరగతికి చెందును. జవాబు "సి". కాని "సి" అని నానీకి చెప్పుట ఎట్లు? నోట మాట రాలేదు. మరునాడు కొత్త అభ్యాస పత్రం ఒకటి తీసుకొని కూర్చున్నాడు. 65కు 42. రెండు వారాలలో పెరిగిన చదువు ఒక్క మార్కు.

ఆ రాత్రి ఫైలును చెరిపివేసినాడు. అట్టి దొంగ ప్రశ్నలను వాడినట్లు తెలిసినచో సంస్థవారు ఫలితాన్ని రద్దుచేయవచ్చును. కాని అతనిని ఆపినది ఆ భయం కాదు. పరుల వివరాలను కాపాడుదునని చెప్పే సర్టిఫికెట్టును దొంగిలించిన ప్రశ్నలతో పొందుట అమానతులో ఖయానత్ కాదా అని పుస్తకంలో వ్రాసుకొన్నాడు. ఖయానత్ అనగా నమ్మకద్రోహం.

పదవ వారము నుండి పన్నెండవ వారము వరకు

పరీక్ష తేదీని వాయిదా వేసుకొని నానీ ప్రశ్నతోనే మళ్లీ మొదలుపెట్టినాడు. ఆమె భయం నిరాధారమైనది కాదు. 2018లో తెలంగాణలో ఒక వ్యక్తి భూముల రిజిస్ట్రేషను పత్రాలమీది వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, వాటితో వేలాది సిమ్‌కార్డులను చలామణీ చేయించిన సంగతి బయటపడినది. పాస్‌వర్డును మార్చుకొనవచ్చును, వేలిని మార్చుకొనలేము. కావుననే దేహపు గుర్తు ఒక్కదానిపైననే ఆధారపడక, రెండవ గుర్తును కూడ జోడించుట మేలని శాస్త్రం చెప్పును. ఆధార్‌లో వేలిముద్రల వినియోగానికి తాత్కాలికంగా బీగం వేసుకొనే సౌకర్యం కూడ ఉన్నది. కావలసిననాడు తెరచి, పని ముగియగానే మూయవచ్చును. మిత్రుడు నానీకి దీనిని ఉర్దూలో చెప్పి, పింఛను నాడు తెరచుట మరువరాదని క్యాలెండరుమీద గుర్తు పెట్టినాడు.

అప్పటి నుండి అతడు ఒక నియమం పెట్టుకొన్నాడు. ఏ పాఠమైనను ఇంట్లో ఒకరికి తెలుగులోగాని ఉర్దూలోగాని చెప్పగలిగిననాడే అది "చదివినది" అను పంక్తిలోకి ఎక్కును. ఈ నియమంతో వేగం తగ్గినది. సంకేత లిపి పాఠానికి ఒక్కదానికే వారం పట్టినది. తాళం వేయుటకు ఒక చెవి, తీయుటకు వేరొక చెవి ఉండే పద్ధతిని 1976లో డిఫీ, హెల్‌మన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు లోకానికి తెలిపినారు. మిత్రుడు దానిని తపాలా పెట్టెతో పోల్చి చెల్లెలికి చెప్పినాడు. ఉత్తరం ఎవరైనను వేయవచ్చును, పెట్టె తెరచుట మాత్రం చెవి ఉన్నవాడికే సాధ్యం. పన్నెండవ వారం ఎన్నడూ చూడని కొత్త పత్రంలో 65కు 52 వచ్చినవి. ఈసారి ఆ అంకె క్రింద గీత లేదు.

పదమూడు, పద్నాలుగు వారాలు

పరీక్షను ఇంటి నుండి కూడ వ్రాయవచ్చును. అయితే గదిలో వేరొకరు ఉండరాదు, మాట వినబడరాదు, నెట్ తెగరాదు, కెమేరా కన్ను తప్పరాదు. ఆరుగురు ఉండే రెండు గదుల ఇంట్లో తొంభై నిమిషాల మౌనం దొరకదు. బంధువుల మేడమీది గదిని అడిగి పుచ్చుకొని, రుసుములో కొంత ట్యూషన్లు చెప్పి, కొంత మేనమామ వద్ద బదులు తెచ్చి పరీక్ష వ్రాసినాడు. 774 వచ్చినవి. ఇది గొప్ప మార్కు కాదని అతనికి తెలుసు. ఆ సర్టిఫికెట్టు విలువ కూడ మూడేండ్లే. తర్వాత మళ్లీ నిరూపించుకొనవలెను.

సెక్యూరిటీ ప్లస్ ఇంకను మిగిలియున్నది. దాని రుసుము మొదటిదానికన్న చాల హెచ్చు. పాఠాలలో సగం పూర్తియైనవి. దాని ఐదు భాగాలలో పెద్దదైన దైనందిన రక్షణ కార్యకలాపాలు, అనగా 28 శాతం, ఇప్పుడే మొదలైనది. పద్నాలుగవ పుటలో "తెలియనిది" అను శీర్షిక క్రింద ఎనిమిది అంశాలున్నవి. మొదటి పుటలో మూడే ఉండెడివి. చదువు పెరిగినకొలది తెలియనిది పెరుగుట శుభసూచకమేనని మేము భావించుచున్నాము.

మరి తండ్రి సంగతి? పోయిన సొమ్ము తిరిగి రాలేదు. ఇంటి కప్పు ఇంకను కురియుచునే ఉన్నది. కాని ఇటీవల ఫ్యాక్టరీలో తోటి కార్మికునికి అట్టి ఫోనే వచ్చినపుడు, ఆయన ఫోను లాగుకొని కట్టివేసి, తన కథ మొదటిసారిగా నలుగురి ముందు చెప్పినారట. 1930 నంబరును పాలిష్ యంత్రం ప్రక్క గోడమీద సుద్దముక్కతో వ్రాయించినది కూడ ఆయనే.

విద్యార్థులకు, కార్యవర్గానికి మనవి

ఈ నోటుపుస్తకం నుండి మేము గ్రహించినది ఒక్కటే. సర్టిఫికెట్టు చదువుకు సాక్ష్యం మాత్రమే, చదువు కాదు. పరులు నమ్మి అప్పగించిన దానిని కాపాడుటే ఈ విద్య ధర్మం. మనవారికి మన భాషలో చెప్పలేని జ్ఞానం ఆ కాపలాకు చాలదు. ఈ దారిన నడువదలచినవారికి సొమ్ము లేకున్నను మొదటి అడుగులు మూసికొనిపోలేదు. కేంద్ర ప్రభుత్వపు స్వయం వేదికలో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారి క్లౌడ్ పాఠాలు ఉచితంగా వినవచ్చును. పరీక్షకు మాత్రమే స్వల్ప రుసుము. అమెజాన్ సంస్థ కూడ ప్రారంభ పాఠాలను ఉచితంగానే ఇచ్చుచున్నది.

కళాశాల కార్యవర్గంవారికి మా విన్నపాలు మూడు. ఒకటి, కంప్యూటరు ప్రయోగశాలను ఆదివారం రెండు గంటలు తెరచియుంచవలెను. రెండు, ఇంటి వద్ద గది లేని విద్యార్థి పరీక్ష వ్రాసికొనుటకు తలుపు మూసుకొనగల గదిని, నమ్మదగిన నెట్‌ను ఒకచోట ఏర్పాటు చేయవలెను. మూడు, పరీక్ష రుసుముకు దానం కాదు, బదులు ఇచ్చే చిన్న నిధిని ప్రారంభింపవలెను. ఉద్యోగం వచ్చిన పిమ్మట తిరిగి చెల్లించుదుమని వ్రాసి ఇచ్చుటకు మేము సిద్ధము. అదియు ఒక అమానతే.

మిత్రుని అనుమతితో ఆ నోటుపుస్తకాన్ని మా గ్రంథాలయంలో ఉంచుచున్నాము. ఇంకను ముప్పది పుటలు ఖాళీగా ఉన్నవి. వచ్చే ఆదివారం పుటలో ఎవరు వ్రాయుదురో వారికొరకు అవి ఎదురుచూచుచున్నవి.